పక్షవాతం వచ్చిన పెద్దాళ్ళున్న ఇంట్లో దోమల సీజన్ ఎలా దాటించాలి

నాన్నకి స్ట్రోక్ వచ్చిన నాలుగో నెల. పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, పేపరిచ్చి, టీ పట్టుకొద్దామని లోపలికెళ్ళాను. వచ్చేసరికి ఆయన ఎడం మణికట్టు మీద దోమొకటి కూర్చుని తీరిగ్గా తాగుతోంది, నల్ల కాళ్ళ మీద తెల్ల చారలు, పొట్ట దానిమ్మ గింజలా ఎర్రగా ఉబ్బిపోయింది. నేను కొట్టేలోపు అది బరువుగా లేచి కర్టెన్ వెనక్కి పోయింది. "నాన్నా, దోమ కుట్టింది, తెలీలేదా?" అంటే "ఎక్కడ?" అన్నారు.

ఎక్కడ అని ఆయన అడగ్గానే నాకు విషయం అర్థమైంది. మెదడులో కుడివైపు దెబ్బతింటే ఎడం చెయ్యి కదలకపోవడం ఒక్కటే కాదు, చాలామందికి ఆ వైపు స్పర్శ కూడా తగ్గిపోతుంది, కొంతమందికైతే తనకి ఎడం పక్క ఒకటుందన్న ధ్యాసే పోతుంది, కంచంలో ఎడం పక్క కూర అలాగే వదిలేసి లేచిపోతారు చూడండి, అదే. మనం రోజంతా తెలీకుండానే చెయ్యి విదిలించుకుంటూ, కాలు రాసుకుంటూ ఎన్ని దోమల్ని తోలేసుకుంటామో లెక్కే ఉండదు. వాళ్ళకి ఆ సౌకర్యం పోయింది. పైగా రోజంతా ఒకే చోట కూర్చునుంటారు. దోమకి అంతకంటే ఏం కావాలి.

వారం తిరక్కుండా జ్వరం వచ్చింది, డెంగీ. ఆ దోమే తెచ్చిందని నేను చెప్పలేను గానీ, మే నెల నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో అడుగూ కూడబెట్టుకుని మంచం నుంచి వరండా దాకా కర్రతో నడిచిన మనిషి, ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండొచ్చేసరికి మళ్ళీ ఇద్దరం పట్టుకుంటే గానీ నిలబడలేకపోయారు. అప్పట్నించి మా ఇంట్లో దోమల పని, ఎక్సర్‌సైజుల పని వేరువేరు కాదు. రెండూ కలిపి ఎలా చేసుకుంటున్నామో, ఎక్కడెక్కడ తప్పులు చేశామో రాస్తున్నా. మందుల విషయంలో మాత్రం నేను రాసింది చూసి ఏదీ మార్చకండి, మీ డాక్టర్ని ఏమడగాలో తెలుసుకోడానికే ఇది.

ముందు ఏ దోమ ఏ టైంకి వస్తుందో చూస్కోండి

మాది భీమవరం పక్కన. చుట్టూ చేపల చెరువులు, కాలవలు, మురిక్కాలవలు, సాయంత్రం ఆరయితే తలుపులు వేసేసుకోడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అక్కడే మేం మోసపోయాం. రాత్రి చెవి దగ్గర గుయ్యిమనేది ఎక్కువగా క్యూలెక్స్, మురుగులో పుడుతుంది, మా గోదావరి జిల్లాల్లో బోదకాలు అంటించేది అదే. మలేరియా తెచ్చే అనాఫిలిస్ కూడా రాత్రిదే, 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కూర్చుని పట్టుకున్నది ఆ జాతి దోమ పొట్టలోనే. డెంగీ, చికన్‌గున్యా తెచ్చే ఏడిస్ మాత్రం పగటి దోమ. పొద్దెక్కిన మొదటి రెండు మూడు గంటలు, మళ్ళీ సాయంత్రం పొద్దు వాలే ముందు, అప్పుడు దాని జోరు. చప్పుడు పెద్దగా చెయ్యదు, మడమల దగ్గర, మోచేతి వెనక, మనకి కనపడని చోట కుడుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఎక్సర్‌సైజులు ఏ టైంకి చేయిస్తున్నారో గుర్తుచేస్కోండి. పొద్దున్న ఏడున్నర ఎనిమిదికి, సాయంత్రం నాలుగున్నర అయిదుకి, చల్లగా ఉంటుందని వరండాలోనో చెట్టు కిందో. సరిగ్గా ఏడిస్ డ్యూటీ టైం. రాత్రి దోమతెర కట్టి, లిక్విడ్ ప్లగ్గు పెట్టి, పగలంతా పొట్టి చేతుల బనీనుతో పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి కూర్చోబెట్టాం మేం.

అలాగని టైం మార్చేసి మధ్యాహ్నం ఎండలో నడిపించమనట్లేదు. చోటు మార్చండి. మెష్ కొట్టిన గదిలో, హాల్లో గోడ పక్కన నడిపించండి, టేబుల్ ఫ్యాన్ కింద పెట్టి కాళ్ళ వైపు తిప్పండి, దోమ గాలికి ఎదురు ఎగరలేదు, ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదు. వైరు మాత్రం నడిచే దారికి అడ్డం రాకూడదు.

డ్రై డే పని నాన్నకే అప్పజెప్పాం

ఏడిస్ మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన ఎండలకి వారం పది రోజులు చాలు, అందుకే వారానికోసారి నీళ్ళు పారబోయమంటారు, మన దగ్గర హెల్త్ వాళ్ళు శుక్రవారం డ్రై డే అంటుంటారు, హైదరాబాద్‌లో 2020లో ఆదివారం పదింటికి పది నిమిషాలు అని మొదలెట్టారు. రోజు ఏదైనా పర్లేదు, ఒకటి పట్టుకుని వదలకుండా ఉండడం ముఖ్యం. చాలామందికి తెలీందేంటంటే నీళ్ళు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీళ్ళ మట్టానికి కాస్త పైన తొట్టి గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలౌతాయి. కాబట్టి పీచుతోనో బ్రష్‌తోనో గోడలు రుద్దాలి.

ఈ రుద్దే పనే నాన్నకి ఇచ్చాం. ఎందుకో చెప్తా. స్ట్రోక్ తర్వాత చెయ్యి బాగుపడాలంటే ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఊపితే సరిపోదు, మనిషి తనంతట తను, ఒక పని కోసం, చాలాసార్లు కదపాలి. 2009లో అమెరికా, కెనడాల్లో కొన్ని సెంటర్లలో ఫిజియో సెషన్లు కూర్చుని లెక్కపెడితే, పేషెంటు చేత్తో పనికొచ్చే కదలికలు సెషన్‌కి సగటున 32 మాత్రమే వచ్చాయి. మెదడు కొత్త దారి వేసుకోడానికి జంతువుల మీద ప్రయోగాల్లో వందల్లో చేయిస్తారు. మిగతావి ఎక్కడ చెయ్యాలి? ఇంట్లోనే. గాల్లో చెయ్యెత్తండి దించండి అంటే నాన్నకి పదిసార్లకే విసుగొచ్చేసేది. అదే మొక్కల కుండీ కింద ప్లేటు ఇచ్చి, కుడి చేత్తో పట్టుకుని ఎడం చేత్తో స్పాంజితో రుద్దమంటే, ప్లేటు తెల్లబడేదాకా వదల్రు. తడి స్పాంజి పిండడం, చెంబులో నీళ్ళు ఇంకో చెంబులోకి వంచడం, డ్రమ్ము మూత మీద గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు లాగడం, అన్నీ ఎక్సర్‌సైజులే. మొదట్లో చెయ్యి తెరుచుకునేది కాదు, స్పాంజిని అమ్మే వేళ్ళ మధ్యలో పెట్టేది, పైన తన చెయ్యి వేసి కలిపి రుద్దించేది. కూర్చునే చేయించండి, తడి నేల మీద నిలబెట్టకండి, జారితే మొదటికే మోసం.

ఇంట్లో ఎక్కడ వెతకాలో అందరికీ తెలిసినవి కూలరు, టైర్లు, కొబ్బరి బొండాలు, మేడ మీద ట్యాంకు మూత. పేషెంటున్న ఇంట్లో ఇంకొన్ని చేరతాయి, వాటిని ఎవరూ చూడరు. మంచం కింద మర్చిపోయిన బకెట్టు, స్పాంజి బాత్‌కి వాడే టబ్బు, కమోడ్ కుర్చీ కింద నీళ్ళ డబ్బా, గదిలో పచ్చగా ఉంటుందని పెట్టిన మనీప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనక ట్రే. మాకు దోమ పిల్లపురుగులు దొరికింది ఫ్రిజ్ ట్రేలో. తులసికోట దగ్గర చెంబు రోజూ మార్చుకుంటే చాలు. పారబొయ్యలేని పెద్ద తొట్టెలకీ బావులకీ దోమ పురుగుల్ని తినే గంబూసియా చేపపిల్లలు, లేదా ఆ పురుగుల్ని చంపే టెమిఫాస్ మందు, హెల్త్ సిబ్బందిని అడిగితే చెప్తారు. ఏడిస్ సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు, అంటే మీ ఇంట్లో కుట్టింది మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందే, పక్కింటి వాళ్ళతో మొహమాటం లేకుండా మాట్లాడండి. ఫాగింగ్ బండి వచ్చిందని సంబరపడద్దు, ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, నీళ్ళలో పురుగులకి ఏమీ కాదు, ఆ పొగ టైంలో పెద్దాయన్ని లోపల ఉంచి కిటికీలు వేసెయ్యండి.

తెర, క్రీము, బట్టలు

దోమతెర పగటి నిద్రకి కూడా వెయ్యాలి, పేషెంటు మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటే ఆ మూడు గంటలూ ఏడిస్‌కి పండగే. కానీ నాలుగు మూలలా తాళ్ళు కట్టే తెర ఒక చెయ్యి పనిచెయ్యని మనిషికి ఉచ్చులాంటిది. అర్ధరాత్రి బాత్రూంకి లేవబోయి తెరలో కాలు చిక్కుకుని పడిన వాళ్ళున్నారు. గొడుగులా తెరుచుకునే తెర, జిప్పు బాగున్న చెయ్యి వైపు వచ్చేలా పెట్టండి, లేదా కిటికీలకీ తలుపుకీ మెష్ కొట్టించేసి తెర గొడవే వదిలించుకోండి. చెయ్యో కాలో తెరకి ఆనుకుని ఉంటే దోమ బయట్నించే కుడుతుంది, స్పర్శ లేని చెయ్యి ఆనుకున్నా వాళ్ళకి తెలీదు కదా, పక్కన దిండు పెట్టండి. ఆ దిండు ఎలాగూ భుజానికి కావాలి, పడిపోయిన చెయ్యిని దిండు మీద పెట్టకపోతే భుజం కీలు జారి నెప్పి మొదలౌతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, ఎంత తొందరున్నా.

దోమల క్రీము అందరూ బాగున్న వైపు రాసి వదిలేస్తారు, పేషెంటు తనే రాసుకుంటే మరీనూ. ముందు పడిపోయిన వైపు రాయండి, మడమ, మోచెయ్యి, మెడ వెనక. రాసేటప్పుడు "ఇది నీ ఎడం చెయ్యి నాన్నా, చూడు" అంటూ చూపిస్తూ రాయండి, ఆ పక్క మర్చిపోయేవాళ్ళకి అదొక ట్రైనింగు. పుండ్లున్న చోట, ఒరుసుకుపోయిన చోట వద్దు. అన్నానికి ముందు చేతులు కడిగించండి.

కాయిల్స్ మాత్రం మానెయ్యండి. మింగడం సరిగా రానివాళ్ళకి ఊపిరితిత్తులు ఎప్పుడూ గండం మీదే ఉంటాయి, మూసిన గదిలో ఆ పొగ పెట్టడం నాకైతే అస్సలు ఇష్టం లేదు. వేపాకు పొగ, సాంబ్రాణి కూడా పొగే కదండీ.

బట్టలు లేత రంగు, నిండు చేతులు, వదులుగా. తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది ఆఖర్న. ఈ ఒక్క ముక్క మాకు ఫిజియో చెప్పేదాకా రోజూ చొక్కాతో కుస్తీయే.

పరిశోధనల్లో ఏముంది, మనకేం పనికొస్తుంది

డెంగీ వస్తే స్ట్రోక్ వస్తుందా అని మావయ్య అడిగాడు, వెతికాను. తైవాన్‌లో పదమూడు వేల పైచిలుకు డెంగీ పేషెంట్ల రికార్డులు పట్టుకుని చేసిన స్టడీ ఒకటి 2018లో వచ్చింది, డెంగీ వచ్చిన మొదటి రెండు నెలల్లో స్ట్రోక్ రిస్కు రాని వాళ్ళతో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు, ఆ తర్వాత అంత తేడా లేదు. రెండున్నర రెట్లు అనగానే గుండె ఆగిపోనక్కర్లేదు, అసలు స్ట్రోక్ వచ్చేవాళ్ళే కొద్దిమంది, ఆ కొద్దికి రెండున్నర రెట్లు. పైగా రికార్డుల స్టడీ, డెంగీ వల్లే వచ్చిందని తేల్చి చెప్పలేదు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒకసారి స్ట్రోక్ వచ్చిన మనిషుంటే ఆ రెండు నెలలు బీపీ, షుగరు, మాత్రలు కళ్ళల్లో ఒత్తులేసుకుని చూడాలని నాకర్థమైంది.

రెండోది మన దేశంలోనే జరిగింది. ఇంట్లోవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్ళ చేతే రీహాబ్ (కోలుకోడానికి చేయించే ఎక్సర్‌సైజులూ అవీ) చేయిస్తే ఎలా ఉంటుందని 14 ఆస్పత్రుల్లో 1250 మందితో అటెండ్ అనే ట్రయల్ చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆర్నెల్ల తర్వాత చూస్తే చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి, ఆ ట్రైనింగ్ ఉన్న గుంపులోనూ లేని గుంపులోనూ 47 శాతమే, తేడా లేదు. చదివి మొదట నీరసమొచ్చింది, మేం చేస్తున్నదంతా వేస్టా అని. మళ్ళీ ఆలోచిస్తే అది చెప్పేది అది కాదు, మామూలు వైద్యానికి తోడు ఇంట్లోవాళ్ళకి కొద్దిపాటి ట్రైనింగ్ కలిపినంత మాత్రాన లెక్కల్లో తేడా రాలేదని. కాబట్టి ఫిజియోని మానిపించేసి అంతా మీ నెత్తినేసుకోకండి, అలాగే నాన్న అనుకున్నంత కోలుకోకపోతే నా తప్పేనని కుమిలిపోకండి కూడా.

ఇంకోటి, తొందర. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువెక్కువగా లేపి నడిపిస్తే మంచిదా అని పెద్ద ట్రయల్ చేస్తే, 2015లో ఫలితం తిరగబడింది, అలా గట్టిగా చేసినవాళ్ళకి కాస్త తక్కువే బాగైంది. అంటే ఎక్కువ చేస్తే ఎక్కువ మంచిది అన్న లెక్క అన్నివేళలా కుదరదు. జ్వరమొచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి, దానికే వస్తున్నా.

జ్వరం వచ్చిన రోజు

మా తప్పు ఇక్కడే జరిగింది. జ్వరం రాగానే వీధి చివర ఆర్‌ఎంపీని పిలిచాం, ఆయన ఒళ్ళునొప్పులకి ఇంజెక్షన్ చేస్తానన్నాడు, మేం సరే అన్నాం, నాన్న రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారని ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. చేసిన చోట తుంటి మీద అరచెయ్యంత నల్లగా కమిలిపోయింది. అప్పుడు గానీ పరిగెత్తలేదు.

డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, స్ట్రోక్ పేషెంటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వేసుకుంటూ ఉంటారు, గుండె లయ తప్పినవాళ్ళయితే వార్ఫరిన్ లాంటివి. రెండూ కలిస్తే రక్తస్రావం భయం. అలాగని మనమే మాత్ర ఆపేస్తే మళ్ళీ గడ్డ కట్టే భయం. ఇటు గొయ్యి అటు నుయ్యి, ఈ నిర్ణయం మీది కాదు, నాది కాదు, రక్తపరీక్ష చూసి డాక్టరు తీసుకోవాలి. అందుకని సీజన్లో జ్వరం వస్తే మూడ్రోజులు చూద్దాం అనుకోవద్దు, మొదటి రోజే ఫోన్ చేసి ఫలానా మాత్ర వేసుకుంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడగండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ రకాలు వద్దు, కండకి ఇంజెక్షన్లు వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, డోసు రాయించుకోండి, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, తెలీకుండా డబుల్ అయిపోతుంది.

పెద్దవాళ్ళకి జ్వరం నూట మూడు రావాలని లేదు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండి, మాట తడబడి, రోజూ లేచే మనిషి లేవనంటే చాలు అనుమానించడానికి. ఇంకోవైపు ప్రతి జ్వరమూ డెంగీ కాదు. మంచాన ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లో నెమ్ము, యూరిన్ ఇన్ఫెక్షన్, వీపు కింద పుండ్లు, ఇవే ఎక్కువ. డాక్టరు దగ్గరకి వెళ్ళేముందు వీపు, మడమలు తిప్పి చూడండి, యూరిన్ రంగు, వాసన గమనించండి, అన్నం తింటూ పొలమారిందా గుర్తుతెచ్చుకోండి. డెంగీ రక్తపరీక్షల్లో మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్ కోసం), ఆ తర్వాత ఐజీఎం (ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీల కోసం), అప్పటికప్పుడు చేసే కార్డు టెస్టు కంటే ల్యాబ్‌లో చేసే ఎలైజా నమ్మకం.

ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ ఊరంతా తిరుగుతుంది. పిన్ని రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి ఎంతకొచ్చాయి అనేది. డాక్టర్లు దాంతోపాటు పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూస్తారు, రక్తం చిక్కబడుతోందంటే నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతోందని. బొప్పాయి ఆకు రసం సంగతి, నేను వాదనకి దిగను, కానీ మింగడం సరిగా రాని మనిషికి పల్చటి చేదు రసం గొంతులో పోస్తే అది నెమ్ముకి దారి, మా ఇంట్లో వద్దన్నాం. (పక్షవాతానికి పావురం రక్తం రాయమన్న వాళ్ళకి కూడా అదే సమాధానం చెప్పాం, పాపం పావురం.)

అసలు జాగ్రత్త జ్వరం తగ్గాక. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగి ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునే ఆ ఒకటి రెండు రోజులే డెంగీలో గండం. కడుపులో తెరలు తెరలుగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్ళు చల్లబడడం, మత్తుగా పడుండడం, నాలుగైదు గంటలు యూరిన్ రాకపోవడం, వీటిలో ఏదొచ్చినా అర్ధరాత్రైనా బయల్దేరాలి. మాట సరిగా రాని పేషెంటు కడుపునొప్పి అని చెప్పలేరు, మొహం చూడాలి, పొట్ట మీద చెయ్యేస్తే తోసేస్తున్నారా చూడాలి.

నీళ్ళు పట్టించడం

డెంగీకి మందు దాదాపు ద్రవాలే, స్ట్రోక్ పేషెంటుకి కష్టమైన పని కూడా అదే. కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్ పల్చగా ఉంటాయి, గొంతు కండరాలు బలహీనమైతే జర్రున శ్వాసనాళంలోకి జారిపోతాయి. తాగాక గొంతు గరగరలాడుతున్నా, దగ్గొస్తున్నా, కళ్ళల్లో నీళ్ళొస్తున్నా తేడా ఉన్నట్టే. అలాంటప్పుడు చిక్కటి గంజి, రాగి జావ, మజ్జిగలో మెత్తటి అటుకులు, డాక్టరో థెరపిస్టో చెప్తే చిక్కబరిచే పొడి కలిపిన ఓఆర్ఎస్. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, బాగున్న వైపు నుంచి, ఒక గుటక మింగారని చూశాకే రెండోది. అయ్యాక అరగంట పడుకోబెట్టద్దు. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలవుంటాయి, వేలికి గుడ్డ చుట్టి తీసెయ్యండి, ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు గట్టి బ్రష్‌తో రుద్దకండి. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకి రోజుకి ఎన్ని లీటర్లో డాక్టర్నే అడగండి, ఎక్కువైనా ప్రమాదమే. నీరసంగా ఉందని వీధిలో సెలైన్లు పెట్టించెయ్యకండి.

బీపీ మాత్రలు, నీరు దించే మాత్రలు, షుగర్ మాత్రలు ఈ వారం అలాగే వెయ్యాలా వద్దా అన్నది కూడా అడగాల్సిందే. డెంగీలో బీపీ పడిపోతుంది, తినకుండా షుగర్ మాత్ర వేస్తే షుగర్ పడిపోతుంది. ఫిట్స్ మాత్ర మాత్రం మానకూడదు, వాంతైపోతే ఆ సంగతి వెంటనే చెప్పండి.

ఎక్సర్‌సైజులు ఆపాలా అంటే, జ్వరంలో నడక, బరువులు, మసాజ్ ఆపెయ్యండి, ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు పడి తలకి తగిలితే చాలా ప్రమాదం. కానీ రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, కీళ్ళని మెల్లగా మడిచి చాపడం, చెయ్యి దిండు మీద పెట్టడం ఆపకూడదు, ఆరు రోజులు వదిలేస్తే భుజం, చీలమండ బిగిసిపోతాయి. ఆస్పత్రిలో మాకు ఇది ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

జ్వరంలో పాత పక్షవాతం మళ్ళీ పెరిగినట్టు కనిపించచ్చు, మాట మళ్ళీ ముద్దగా రావచ్చు, జ్వరం తగ్గాక సర్దుకుంటుంది కూడా. కానీ అది జ్వరం వల్లా, కొత్త స్ట్రోకా అన్నది ఇంట్లో తేల్చేది కాదు. మూతి పక్కకి పోయినా, చెయ్యి కొత్తగా వాలిపోయినా, మాట పడిపోయినా టైం చూసి 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువుంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వరు, కాబట్టి డెంగీ ఉందన్న సంగతి గుమ్మంలోనే చెప్పాలి. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి అన్నదే వాళ్ళు మొదట అడుగుతారు.

మళ్ళీ మొదలెట్టడం

డెంగీ నీరసం వారాల తరబడి ఉంటుంది. మేం మొదటి వారం జ్వరానికి ముందు చేసినదాంట్లో సగం కూడా పెట్టలేదు, మంచం అంచున పది నిమిషాలు కూర్చోడం, అయిదుసార్లు లేచి నిలబడడం, అంతే. లేవగానే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి, రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబెట్టండి. మర్నాడు కూడా అలసట తీరకపోతే నిన్నటిది ఎక్కువైనట్టు.

చికన్‌గున్యా అయితే కథ వేరు, ప్లేట్‌లెట్ల భయం తక్కువ, కీళ్ళ నొప్పులు నెలలు లాగుతాయి. బాగున్న చెయ్యి మణికట్టు వాస్తే కర్ర పట్టుకోలేరు, అంటే బాగున్న చెయ్యి కూడా పోయినట్టే. కర్ర పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యండి, లేదా వాకర్‌కి మారండి, పొద్దున్న బిగుతు ఎక్కువ కాబట్టి ఎక్సర్‌సైజు పదకొండింటికి జరపండి.

మా వైపు వాళ్ళకి ఒక మాట. పడిపోయిన కాలు ఉన్నట్టుండి వాస్తే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట బోదకాలు. బోదకాలు నెలలు, ఏళ్ళ మీద వస్తుంది. రెండ్రోజుల్లో పిక్క వాచి, వేడిగా, గట్టిగా ఉందంటే లోపల సిరలో గడ్డ కట్టి ఉండచ్చు, అది ఊపిరితిత్తులకి పోతే మనిషే పోతాడు. నూనె రాసి పిసకద్దు, కట్టు కట్టద్దు, అదే రోజు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది).

ఫైల్‌లో మొదటి కాగితం మీద మాత్రల పేర్లు, డోసులు, స్ట్రోక్ వచ్చిన తేదీ, ఏ వైపు, గడ్డ వల్లా రక్తస్రావం వల్లా, జ్వరం మొదలైన రోజు, మింగడం ఎలా ఉంది, ఇవి పెద్దక్షరాలతో రాసి పెట్టండి. దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. మాది ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించి ఉంది, కింద నాన్న ఎడం చేత్తో కెలికిన శుక్రవారాల టిక్కులున్నాయి, మొదటివి కాగితం దాటి పోయాయి, ఈ మధ్యవి గళ్ళల్లోనే పడుతున్నాయి.